రెండేళ్ల సెలవు, మూడేళ్ల సెలవు

ఈ మధ్య కూడబలుక్కోకుండానే పేపరు చదవగలుగుతున్నాను. నిన్న ఒక మూల చిన్న వార్త కనబడింది. ఈ వారం పొద్దుగూకాక గురుడు, శుక్రుడు పడమటి దిక్కున పక్కపక్కనే కనిపిస్తాయట. అంట్లు అట్లాగే వదిలేసి మిద్దె ఎక్కాను. కనిపించాయి. చూడమని పిలవడానికి పక్కన ఎవరూ లేరు. నాకు అక్షరాలు నేర్పిన నర్సక్క గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఫుజైరాలో ఒక ఆసుపత్రిలో ఆయాను. మా ఆయన మఫ్రఖ్‌లో, కంపెనీ క్యాంపులో తాపీ మేస్త్రీ. మొగుడూ పెళ్లాం ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు, అదృష్టవంతులు అనేవారు ఊళ్లో; వాళ్లకు ఆ ఎడారి దేశమంతా దుబాయే. ఆయన క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు, మా క్వార్టర్సులోకి మగవాళ్లను రానివ్వరు. మధ్యలో కొండలు, ఇసుక, టాక్సీలు మారుతూ పగలంతా ప్రయాణం. ఇద్దరం ఒక కప్పు కింద ఉండాలంటే సెలవులో ఇంటికి పోవాల్సిందే. ఆయనకు రెండేళ్లకోసారి సెలవు, నాకు మూడేళ్లకోసారి. ఒకరు పోయిన ఏడు చాలాసార్లు ఇంకొకరికి ఉండేది కాదు; రెండూ కలిసేది ఆరేళ్లకోసారే.

నర్సక్క మా ఆసుపత్రిలోనే నర్సు, వాళ్లది కాకినాడ వైపు. ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి నాకు చదువు చెప్పేది. ఎవరి పిల్లలదో పాత పుస్తకం, అందులో గ్రహాల పాఠం. శుక్రుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి రెండువందల ఇరవై అయిదు రోజులట. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి మాత్రం రెండువందల నలభై మూడు రోజులట.

"ఇదేం తిరుగుడక్కా? ఏడాది ఒడిసినా ఒక్క చుట్టు కాకపాయె!" అన్నాను.

"డ్యూటీ దిగాక నా నడుం కూడా అంతేనే, ఓ పట్టాన తిరగదు," అంది.

గురుడు గిర్రున పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరుగుతాడు గానీ, సూర్యుణ్ణి చుట్టిరావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుందట. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి ఎందుకొస్తాయో మెడలో శిలువ వేసుకున్న ఆ మనిషి చెబితేనే నాకు తెలిసింది. ఇంకా బాగా అర్థం కావాలని నన్ను బల్ల చుట్టూ తిప్పింది. బతుకమ్మ ఆటలో లోపలి వరస తొందరగా తిరిగొస్తుంది, బయటి వరసకు దారెక్కువ, ఆ మాట చెప్తే చాలదా అన్నాను. "మరి ఆ రెండు వరసల్లో ఒకే ఇద్దరు మళ్లీ పక్కపక్కకి ఎప్పుడొస్తారో చెప్పు చూద్దాం," అంది. నాకు వెంటనే మా సెలవులు తట్టాయి.

ఆ ఏడు సెలవు ఆయనది. నాది మరుసటి ఏడు. మా ముదీర్‌ను, అంటే మేనేజరును, బతిమాలి, ఇంకో ఆయాతో వంతు మార్చుకుని, నా సెలవు ముందుకు జరిపించుకున్నాను. ఆయనకు చెప్పలేదు. ఇంట్లో ఉన్నట్టుండి కనబడాలని ఆశ. వాకిట్లో పెట్టె దించగానే అత్తమ్మ నా వెనక్కి చూసింది.

"నువ్వొక్కదానివే వస్తివేందే? నీతోటి కలుస్తదని వాడు సెలవు వచ్చే ఏడుకు జరుపుకున్నడు గదా! మొన్ననే క్యాసెట్టుల చెప్పి పంపిండు."

నాకు పంపిన కబురు నేను విమానం ఎక్కాక ఫుజైరా చేరిందట. ఆ సెలవంతా ఆ క్యాసెట్టే వేసుకుని ఆయన గొంతు విన్నాను. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నారు.

తిరిగొచ్చాక నేరుగా మఫ్రఖ్ పోయాను. క్యాంపు గేటు బయట చాయ్ దుకాణంలో కూర్చున్నాం. ఆయన సిమెంటు బట్టలతోనే వచ్చాడు.

"నువ్వు ఆగినా సరిపోతుండె," అన్నాడు.

"నువ్వు జరుపుకోకున్నా సరిపోతుండె," అన్నాను.

ఇద్దరం నవ్వాం. కాసేపటికి ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ, "మల్లొకసారి అడుగరాదు మీ ముదీర్‌ను?" అన్నాడు.

"పోయేముందే చెప్పిండు, ఖలాస్ అని. నాకిగ మల్ల మూడేండ్లకే."

ఆకాశంలో ఏ గ్రహమూ ఇంకోదాని కోసం ఆగదు, తొందరపడదు. మేం ఒకరి కోసం ఒకరం జరిగాం, అందుకే తప్పిపోయాం. ఆ తర్వాత, ఆయన పోయేదాకా, ఒకే ఇంట్లో చాలా ఏళ్లే కలిసి బతికాం. అయినా గ్రహాలు తిరిగొస్తాయి, సెలవులు తిరిగొస్తాయి. అప్పుడు విడివిడిగా గడిపిన మా వయసు మాత్రం ఏ చుట్టులోనూ తిరిగి రాదు.