మక్కకంకుల సాక్ష్యం

ఇయ్యాల బాపుతోని సంగారెడ్డి కోర్టుకు పోయిన. ఫ్యాక్టరీ నీళ్లతోని మా చేను పాడైందని వేసిన కేసు. వాయిదాకు పోయినప్పుడల్లా మా వకీల్ సార్‌కు చేన్లకెళ్లి ఏదో ఒకటి తీస్కపోవుడు బాపుకు అలవాటు. ఇప్పుడు ఆ చేన్ల గడ్డి గూడ మొలుస్తలేదు. అందుకే దారిల కంది ఊరి కాడ రోడ్డు మీద మక్కకంకులు కొన్నడు.

వరండాల సార్ సంచి అందుకొని, "పంట బాగా వచ్చిందా?" అని నవ్విండు.

"మన చేన్లయే సార్, మంచిగొచ్చినయ్," అన్నడు బాపు, పరువు పోవద్దని.

లోపలికి పోయినంక తెల్సింది. సార్ హైదరాబాద్‌ల పెద్ద లా ఫర్మ్‌కు మారిండట. ఫ్యాక్టరీ తరఫున కొట్లాడేది ఆ ఫర్మే. మాకు ఒక్క ముక్క చెప్పలే. సార్ పోయి ఫ్యాక్టరోళ్ల దిక్కు కూసున్నడు. ఆయన పక్కనున్న ఫ్యాక్టరీ వకీల్ లేచి మా కంకుల సంచి చూపించిండు.

"చేను పాడైతే ఈ కంకులెక్కడివి? తన పంటేనని పొద్దున ఈయనే ఇచ్చాడు."

జడ్జి అడిగితే బాపు తల దించుకున్నడు.

పోయేటప్పుడు సార్ ఆ సంచి గూడ కారు డిక్కీల పెట్టించుకున్నడు. ఆయనింట్ల ఎవరన్న తింటే జెర చెప్పుండ్రి, తియ్యగున్నయా?