ఒకరి గీత ఒకరి జేబులో

సరిహద్దు పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఉత్తరపు గాలి. చలి ఎంతంటే, నా మీసం నాకంటే ముందే రిటైర్మెంటుకు దరఖాస్తు పెట్టుకుంది.

హవల్దార్ సాబ్ మొదటి ఆర్డర్: "జేబులో దేవుడి పుస్తకం ఉందా? తియ్యి." తూటాల ఖాళీ పెట్టె ఒకటి చేతికిచ్చాడు. గస్తీకి వెళ్లే ముందు అందరి జేబు పుస్తకాలూ పోగుచేయడం ఇక నా డ్యూటీ. గీతలు, చాలీసాలు, ఖురాన్, బైబిల్. ఎవరిది వాళ్లకు కాకుండా కలిపి పంచాలి. తిరిగొచ్చాక ఎవరి పుస్తకం వాళ్లకు అప్పజెప్పాలి. "పక్కవాడి సొత్తు జేబులో ఉంటే మనిషి తిరిగొస్తాడు" అనేవాడాయన.

రేడియో ఆపరేటర్‌ది దిల్‌సుఖ్‌నగర్, నాది ఎల్బీనగర్. మధ్యలో రెండు మెట్రో స్టేషన్లు. వాడి లెక్కలో రెండు దేశాలు. ఒక రోజు గస్తీ పంపకంలో వాడి గీత నాకు, నాది వాడికి వచ్చాయి. నా గీత అంచుల నిండా నేను రాసుకున్న జోకులే.

"ఏందిరా ఎల్బీనగర్, దేవుని పుస్తకంల గీ రాతలేంది?"

"దేవుడు గూడ జర నవ్వద్దా?"

వాడు నవ్విన నవ్వుకు కొండ మీది మంచు జారుతుందని హవల్దార్ సాబ్ కసిరాడు.

రెండు జట్లుగా కదిలాం. రేడియోలో వాడి గొంతు: "మంచు పడుతున్నది. మేం శిఖరం కిందున్నం." తర్వాత ఫిరంగులు. తర్వాత ఏ గొంతూ లేదు. ఇక్కడ పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

వాడి జేబులో దొరికింది వాడిదేననుకుని నా గీతను వాడి ఇంటికి పంపేశారు.

పోస్టులో నా డ్యూటీ గడువు ముగిశాక దిల్‌సుఖ్‌నగర్‌లో వాడి ఇంటికి వెళ్లాను. పోచంపల్లి నుంచి వచ్చిన కుటుంబం. కింద చీరల దుకాణం, పైన ఇల్లు. వాళ్లమ్మ ఇక్కత్ గుడ్డ విప్పి నా గీత చూపించింది.

"చూడు బిడ్డా, మావోడు అంత కష్టంల గూడ ఎట్ల నవ్విచ్చే రాతలు రాసిండో. దినాం ఒక ముక్క చదువుకుంట."

ఆమె కొడుకు అసలు పుస్తకం నా జేబులో ఉంది. ఇస్తే ఆ నవ్వు లాక్కున్నట్టే. ఇవ్వకపోతే వాడు ఇల్లు చేరనట్టే. పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను.

"వాడిది ఇదమ్మా. అది నాది."

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. "గీ రాతలు నీయా? మావోడు చదివిండా?"

"చదివిండమ్మా. తిట్లు పడేదాక నవ్విండు."

"గట్లయితే నీది గూడ నా దగ్గర్నే ఉండనియ్యి."

కొడుకు గీత తెరిచింది. చదవలేదు. ముఖానికి ఆనించుకుంది.

"గీ వాసనేంది బిడ్డా?"

"కిరోసిన్ అమ్మా. బంకర్‌ల పొయ్యిది."

ఇప్పటికీ కళ్లు మూస్తే అదే: తెరిచిన పుస్తకంలో ముఖం దాచుకుని, పీల్చిన ఊపిరి బయటికి వదలకుండా కూర్చున్న అమ్మ.