సముద్రం లేని ఊరికి సముద్రపు గాలి

మా స్కూల్లో భూగోళం చెప్పే సారుది బందరు. ఆర్మూరులో మా పక్కింట్లోనే అద్దెకుండేవాడు. సముద్రం మాట వస్తే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. మధ్యాహ్నానికి ఇసుక కాలిపోతుందట, నీళ్లు మాత్రం అంత తొందరగా వేడెక్కవట. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుందట. రాత్రి నేల ముందు చల్లారుతుంది గనక గాలి తిరగబడి నీళ్లవైపు పోతుందట. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సముద్రం చూసింది లేదు గానీ ఆ పాఠం నాకు నోటికి వచ్చు.

ఎనభైల చివర ఒక ఏప్రిల్. ఉడకబెట్టిన పసుపు ఆలూరు తోవలోని మా కల్లంలో పది రోజులుగా ఎండుతోంది. ఇంకో నాలుగు రోజులు ఎండితే మార్కెట్టుకే. ఇంటిల్లిపాది ఏడాది కష్టం ఆ కొమ్ముల్లోనే ఉంది. ఆదివారం సారు చూడ్డానికి వచ్చాడు. నేను మజ్జిగ పోసి ఇస్తుంటే ఉన్నట్టుండి గాలి చల్లగా మళ్లింది.

"వాన వాసనొస్తుంది, పరదాలు కప్పుండ్రి" అంది అమ్మ.

బాపు సారు మొహం చూశాడు. "ఏమంటరు సార్, కప్పమంటరా?"

"ఎందుకండీ ఉక్కబెట్టుకోడం? మా వైపు రోజూ ఇదే గాలి. ఎండ పోగానే తగ్గిపోతుంది, చూడండి."

అమ్మ ఇంకేదో అనబోయింది. "సార్ కన్న నీకెక్కువ ఎరుకనా?" అని బాపు ఆమె నోరు మూయించాడు.

సారు పాఠంలో తప్పు లేదు. ఆర్మూరుకు సముద్రం లేదు, అంతే. మా ఎండాకాలంలో చల్లగాలి వచ్చిందంటే పక్కన ఎక్కడో వాన దంచుతోందని అర్థం. ఆ వాన చల్లబరిచిన గాలే ముందు ఉరికొస్తుంది. దాని వెనకే మబ్బు. మేం పరదాలు తెచ్చేలోపే కల్లమంతా పచ్చటి నీళ్లు పారాయి. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయంట" అని అమ్మ తల కొట్టుకుంది.

మూడో నాటికి కొమ్ములు నల్లబడ్డాయి. చూడవచ్చిన నలుగురిలో ఒకాయన "సారే కప్పొద్దన్నడంట గదా" అన్నాడు. సారు అక్కడే ఉన్నాడు. మొహం కందిపోయింది. "నేను సముద్రపు ఒడ్డు సంగతి క్లాసులో చెప్పానండీ. ఈ పిల్ల సగం విని ఇంట్లో చెప్పినట్టుంది" అని నన్ను చూపించాడు.

ముందు నాకు నవ్వొచ్చింది. బాపు ఉన్నాడు కదా. స్వయంగా అడిగినవాడు, చెవులారా విన్నవాడు.

బాపు చేతులు కట్టుకున్నాడు. "అవు సార్, పోరి తెల్వక చెప్పింది. మీరేం మనసుల వెట్టుకోకుండ్రి."

అందరూ పోయాక అడిగాను. "నువ్వే ఇన్నవ్ గద బాపు?"

"సార్ ఇజ్జత్ పోతది గద బిడ్డా. చిన్నదానివి, నీకేమైతది?"

ఏమైందంటే, ఆ ఎండాకాలమంతా గాలి లేచినప్పుడల్లా "ఏం బిడ్డా, పరదాలు కప్పాల్నా వద్దా?" అని వాడకట్టంతా నన్నడిగి నవ్వింది. సారు మీద కోపం ఏడాదిలో పోయింది. పరాయివాడు, తన పరువు తాను చూసుకున్నాడు. బాపు మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఒక సాయంత్రం ఎవరో అలాగే అడిగితే, వాళ్లతో పాటు బాపు కూడా నవ్వాడు.