మా పెర్ఫార్మెన్స్ ఇంజినీరుగారి స్పీడు

మా అబ్బాయి రవికిరణ్ హైటెక్ సిటీలో పెర్ఫార్మెన్స్ ఇంజినీరు. అంటే ఏమిట్రా అంటే, "పెద్దపెద్ద కంపెనీల సిస్టమ్‌లు నెమ్మదిస్తే పరిగెత్తించడం నా పనమ్మా" అన్నాడు. ఆహా, ఎంతటి కొడుకుని కన్నానమ్మా అని మురిసిపోయాను. మణికొండలో వాడి ఫ్లాట్‌కి వచ్చి, మనవరాలిని చూసుకుంటూ నాలుగు నెలలు ఉన్నాక ఆ మురిపెం కాస్త దిగింది లెండి.

ఇంట్లో వాడికో ల్యాప్‌టాప్ ఉంది. ఆఫీసు నుంచి రావడం ఆలస్యం, చెవులకి డిప్పలు తగిలించుకుని అందులో తుపాకుల ఆటకి కూర్చుంటాడు. ముప్పై దాటిన మగాడు, ఓ బిడ్డ తండ్రి, సోఫాలో కూర్చుని "కాల్చరా, కాల్చరా!" అని అరుస్తాడు. ఆమధ్య ఆ ఆటకి నత్తనడక పట్టుకుంది. వీడు తుపాకీ ఎత్తేలోపే అవతలివాడు కాల్చేస్తున్నాడట. "నా గురి బానే ఉందమ్మా, ల్యాప్‌టాపే స్లో" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనుకున్నాను గానీ, నిజంగానే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.

మా కోడలు ఉమాశ్రీ కూడా ఇంజినీరే. పాప పుట్టాక ఉద్యోగం మానేసింది. రెండేళ్ల తర్వాత ఒక కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. శుక్రవారం పొద్దున పదింటికి, ఈ ల్యాప్‌టాప్‌లోనే. ఆ పిల్ల పాప పడుకున్నప్పుడల్లా పుస్తకం తీసి చదివింది. అంతకుముందు ఎంతమంది "మధ్యలో గ్యాప్ వచ్చింది కదండీ" అని తిప్పి పంపారో నాకు తెలుసు. ఇది పోతే ఇంకోటి వస్తుందిలే అందామన్నా నాకు నోరు రాలేదు.

"ఛార్జర్ ఏమైనా మారిందేమో చూడండి" అంది ఉమాశ్రీ, ఆట నెమ్మదించిన మొదటిరోజే మొగుడితో. "నీకు తెలీదులే, ఇది ప్రాసెసర్ లెవెల్ ఇష్యూ" అన్నాడు మహానుభావుడు.

ఇక మొదలైంది యాగం. ప్రాసెసర్‌కి ఎంత జోరు ఇవ్వాలో చెప్పే సెట్టింగ్ ఒకటి ఉండాలట. వీడియోలో ఎవడికో ఉంది, మనవాడికి కనపడదు. వెంటనే ఆఫీసు స్నేహితులు ముగ్గుర్ని కాల్‌లోకి లాగాడు. వాళ్ల అలవాటు ఏమిటంటే, ఏది ఆగిపోయినా అందరూ ఒక కాల్‌లో చేరి "ఇప్పుడెలా ఉంది? ఇప్పుడెలా ఉంది?" అని ఒకళ్లనొకళ్లు అడుక్కోవడం. చివరికి రిజిస్ట్రీ అని, ల్యాప్‌టాప్ లోలోపల ఎక్కడో ఉంటుందట, అందులో ఒక అంకె మార్చి ఆ సెట్టింగ్‌ని బయటికి లాగాడు. తప్పిపోయిన గేదె దొరికినంత సంబరం! నూటికి నూరూ పెట్టేశాడు. ఫ్యాను మిక్సీలా గీపెట్టింది. ఆట మాత్రం ఎప్పట్లాగే ఈడ్చింది.

అప్పుడు తీశాడు బ్రహ్మాస్త్రం. వాళ్ల ఆఫీసులో సిస్టమ్ మరీ మొరాయిస్తే, అవసరం లేనివన్నీ ఆపేస్తారట. గురువారం సాయంత్రం కూర్చుని టకటకా ఆపేశాడు.

శుక్రవారం ఉమాశ్రీ ఇస్త్రీ చుడీదార్ వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద తన ముఖం కనపడాల్సిన చోట నల్లటి గడి. మైకూ లేదు.

"ఏవండీ, కెమెరా ఏమైంది?"

"అవసరం లేదని ఆపాను. ఉండు, రెండు నిమిషాలు."

ఏవేవో నొక్కి రీస్టార్ట్ కొట్టాడు. అప్‌డేట్ అంటూ నీలం తెర వచ్చి కదలకుండా కూలబడింది. ఫోన్‌లో కుదరదు, ప్రోగ్రామ్ రాసి చూపించాలట. "మీ ఆఫీసు ల్యాప్‌టాప్ ఇవ్వండి" అంది ఆ పిల్ల.

"అది పాలసీకి విరుద్ధం" అన్నాడు.

అవతలివాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు. ఉమాశ్రీ లేచి వెళ్లి పాపకి పాలు కలిపింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, ఈ ఇంట్లో ఏది అవసరమో, ఏది కాదో నువ్వొక్కడివే తేల్చేస్తావా?" అన్నాను. "అమ్మా, నీకు టెక్నికల్‌గా అర్థం కాదు" అన్నాడు. చేతికి చీపురు అందక బతికిపోయాడు వెధవ.

ఆ పిల్ల కంపెనీకి మెయిల్ రాసింది. పాపం మంచివాళ్లు, సోమవారం మళ్లీ రమ్మన్నారు.

"ఏమని రాశావు?" అన్నాడు వీడు.

"ఉన్నదే రాశాను. మా ఆయన ఆట కోసం కెమెరా ఆపేశారని."

"ఇండస్ట్రీలో నా పరువేం కావాలి!"

"మీ పేరు రాయలేదు లెండి."

ఆదివారం వాడి ఆఫీసు బ్యాగు జిప్పు లాగి, అందులోంచి ఇటుకంత ఛార్జర్ తీసి ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఇంట్లో ఇన్నాళ్లూ పెట్టింది ఆఫీసు ల్యాప్‌టాప్ బుల్లి ఛార్జరట, దాని కరెంటు చాలక ఇది నెమ్మదించిందట. అసలుది రోజూ వాడి భుజానెక్కి ఆఫీసుకి వెళ్లొస్తోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే! ఆట గుర్రంలా దూకింది. దానికి మావాడేమన్నాడో తెలుసా? "చూశావా అమ్మా, నా రిజిస్ట్రీ మార్పు ఇప్పుడు పనిచేసింది!"

సోమవారం, ఆ ల్యాప్‌టాప్‌లో మావాడు మళ్లీ ఏం కెలుకుతాడోనని, ఎదురు ఫ్లాట్ స్వప్న, సిద్దిపేట పిల్ల, ఉమాశ్రీని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. "మా ఇంట్ల కూసో అక్కా, నా ల్యాప్‌టాప్ ఉంది. జర కూడా ఫికర్ చెయ్యకు" అని కూర్చోబెట్టి తలుపేసింది. ఉమాశ్రీ బయటికి వచ్చినప్పుడు వెలిగిపోతున్న ముఖం చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఉద్యోగం వచ్చింది. చేరే రోజుకి కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్ ఇంటికే పంపారు. మావాడు ఆ పెట్టె చుట్టూ ప్రదక్షిణ చేసి, సంతోషమన్న మాటైనా అనకుండా, "ఆటకి పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు ఉందా?" అన్నాడు.

ఉమాశ్రీ పాపని తెచ్చి వాడి ఒళ్లో కూర్చోబెట్టింది.

"తెలీదండి. నాకు మీటింగ్ ఉంది. పాపకి అన్నం పెట్టండి, తలుపు మాత్రం కొట్టకండి" అని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

వాడు నావైపు చూశాడు. నేను చెప్పులేసుకుని స్వప్న ఇంటికి కాఫీకి వెళ్లాను.