పటమట డాక్టరమ్మ మీద నేనల్లిన కథ

పొద్దున బండి దగ్గర పెసరట్టు తింటుంటే అల్లం ముక్క ఒకటి ఎడమవైపు చిగుళ్ళకీ చెంపకీ మధ్య సందులో చిక్కుకుని మండింది. మామూలు మనిషికి ఇదొక విషయమే కాదు. నాలుక దానంతటదే అటు వెళ్ళి, ముక్కను ఊడ్చి తెచ్చి మళ్ళీ పళ్ళ మీద పెడుతుంది. ఆ పని జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు. నా నాలుక అటు వెళ్ళదు. దానికి ఎడమవైపు మూడోవంతు లేదు. అందుకని చేత్తో నోరు కప్పుకుని, వేలుపెట్టి ఆ ముక్కను బయటికి లాగాను. పక్కన తింటున్న కుర్రాడు ప్లేటు పట్టుకుని అటు తిరిగిపోయాడు. తప్పు పట్టను. ఒకప్పుడు నేనైనా అంతే చేసేవాణ్ణి.

నోట్లో అలా మంట పుట్టినప్పుడల్లా నాకు డాక్టరమ్మ గుర్తొస్తారు. ఆవిడ పేరు సులోచన. పటమటలో ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఆవిడ పళ్ళ ఆసుపత్రి ఉండేది. పోయిన చలికాలంలో కన్నుమూశారు. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు తీసుకెళుతుంటే నేనూ వెనకాల నడిచాను. నా ముందు నడుస్తున్న ఒకాయన పక్కాయనతో, "ఈవిడేగా, పన్ను నొప్పని వెళితే క్యాన్సరని భయపెట్టేది" అన్నాడు. ఆ మాట ఆటోనగర్‌లో పుట్టింది. పుట్టించినవాణ్ణి నేను.

ఆటోనగర్‌లో నాకు లారీ స్పేర్‌పార్టుల షాపుంది. ఆ వ్యాపారంలో సరుకు ఎవరి దగ్గరైనా ఒకటే, అమ్మేది మాటే. నా మాటకు మంచి పేరుండేది. మెకానిక్కులు టీ తాగడానికి వచ్చి, నేను చెప్పే కబుర్ల కోసం రెండో టీ చెప్పేవాళ్ళు. ఆ రోజుల్లో ఎడమ చెంపలో ఎప్పుడూ ఖైనీ ఉండేది. సున్నం కలిపి అరచేతిలో నలిపి అక్కడ పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా షాపు దానంతటదే నడిచినట్టుండేది. నాకూ మా పక్క లేత్ వర్క్‌షాపు శేషుకీ ఒకే డబ్బా. ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఇంకొకరికి పెట్టేవాళ్ళం.

ఒకరోజు నాలుక గీసుకుంటుంటే గీకుడుబద్ద కాస్త లోపలికి పోయి డోకొచ్చింది. ఏం తగిలిందా అని షాపుకెళ్ళి, అమ్మకానికున్న లారీ సైడు అద్దం ఒకటి దింపి, టార్చి వేసి చూసుకున్నాను. నాలుక వెనక, గొంతు దగ్గర, గుండ్రటి బొడిపెలు బాణం మొన ఆకారంలో వరసగా కనపడ్డాయి. క్యాన్సరే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా షట్టరు సగం దించి పటమట వెళ్ళాను.

డాక్టరమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ పన్ను కోసం వచ్చినా పన్ను ముందు చూసేవారు కాదు. పెదవులు తిప్పి చూసేవారు, తర్వాత చెంపల లోపలివైపు, అంగిలి, నాలుక పైభాగం, చివరికి నాలుక ఎత్తించి దాని కింద లాలాజలం ఊరే చోటు. అదంతా అయ్యాకే పన్ను దగ్గరికి వచ్చేవారు. హారన్ మోగడం లేదంటే ఇంజనంతా విప్పే మెకానిక్కని మావాళ్ళు ఆవిణ్ణి ఆటపట్టించేవాళ్ళు.

నా బొడిపెలు చూసి ఆవిడ నవ్వారు. "ఇవి మీకు పుట్టినప్పట్నుంచీ ఉన్నాయండి. అందరికీ ఉంటాయి. రుచి తెలిసేదాంట్లో వీటికీ వాటా ఉంది" అన్నారు. నేను నమ్మలేదని మొహం చూసి తెలిసిందేమో, మాస్కు కిందికి లాగి, తన నోరు తెరిచి, నాలుక చాపి నాకు చూపించారు. ఆవిడకీ ఉన్నాయి, అచ్చం అలాగే. అరవైకి దగ్గరపడ్డ డాక్టరు, పేషెంటు ముందు నాలుక బయటపెట్టి నిలబడ్డారు. అప్పుడు అది నాకు నవ్వులాటగానే కనపడింది.

ఆ తర్వాత గాజుగుడ్డతో నా నాలుక కొన పట్టుకుని కుడివైపుకు లాగి, ఎడమ అంచు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇక్కడ నొప్పి ఉందాండీ?"

"లేదు మేడమ్. అసలక్కడ ఏమీ లేదు."

"తెల్లమచ్చ ఉంది, మధ్యలో ఎర్రగా ఉంది. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఖైనీ ఇవాళే మానెయ్యాలి."

మళ్ళీ వస్తానని చెప్పి మెట్లు దిగాను. దిగేలోపే నాకు కోపమొచ్చింది. నా కళ్ళతో నేను చూసుకున్నదేమో ఏమీ కాదట. నాకు కనపడనిది, నొప్పి కూడా లేనిది మాత్రం రోగమట. నేనూ వ్యాపారస్తుణ్ణే. బ్రేకు లైనింగు కోసం వచ్చినవాడికి డ్రమ్ము కూడా పోయిందని చెప్పి అంటగట్టడం నాకు తెలియని విద్య కాదు. ఆవిడ కూడా అదే చేస్తోందనుకున్నాను. భయం తీరిపోయిన సంతోషమొకటి, మోసం కనిపెట్టేశానన్న గర్వమొకటి, రెండూ కలిసి నన్ను నేరుగా మా ఆటోనగర్ టీకొట్టుకు నడిపించాయి.

ఆ కథ బాగా చెప్పాను. డాక్టరమ్మ నాలుక చాపడం, గుడ్డతో నా నాలుక లాగడం, గొంతు తగ్గించి "ముక్క తీద్దాం" అనడం, అన్నీ చేసి చూపించాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. మర్నాడు రానివాళ్ళ కోసం మళ్ళీ చెప్పమన్నారు. పన్ను నొప్పని వెళితే క్యాన్సరని భయపెడుతుందన్న మాట దానికి నేను తగిలించిన తోక. నేను వెళ్ళింది పన్ను నొప్పితో కాదు. కథకు అలాగైతే బాగుంటుందని మార్చాను.

నేను మళ్ళీ వెళ్ళకపోయేసరికి డాక్టరమ్మ ఫోన్ చేయించారు. ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం స్కూటీ మీద ఆవిడే షాపుకు వచ్చారు. కౌంటరు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు, శేషు కూడా ఉన్నాడు.

"కోటేశ్వరరావు గారూ, ఒక్క నిమిషం పక్కకి వస్తారా?"

"ఇక్కడే చెప్పండి మేడమ్, అంతా మనోళ్ళే. ఏంటి, గిరాకీ తగ్గిందా, ఊరి మీద పడ్డారు?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ చీరకొంగుతో మొహం మీద దుమ్ము తుడుచుకుని, "గిరాకీ లేకపోతే ఇంట్లో పడుకుంటానండి. ఇంత ఎండలో ఇక్కడికి రాను" అన్నారు. ఆ మచ్చను ఒక్కసారి చూపించమన్నారు. ఇంతమందిలో నాలుక బయటపెట్టమంటారా అని అడిగి మళ్ళీ అందర్నీ నవ్వించాను. ఇక నాతో లాభం లేదనుకున్నారో ఏమో, ఉబ్బెత్తుగా ఉన్న శేషు చెంప వైపు చూసి, "మీరైనా ఒకసారి రండి. పుండేమన్నా ఉందా?" అన్నారు.

ఉంది. చాలా రోజులుగా ఉంది. కారం తింటే మండుతోందని నాతో చెప్పాడు కూడా. ఆవిడకు జవాబు చెప్పేముందు శేషు నా మొహం చూశాడు. నేను కన్నుకొట్టాను. "చూద్దాం లేండి మేడమ్" అన్నాడు.

ఇది రాయాలని కూర్చున్న ప్రతిసారీ పెన్ను ఇక్కడే ఆగిపోయింది.

నాకు మొదట నొప్పి వచ్చింది చెవిలో. చెవి డాక్టరు చుక్కలమందు రాశాడు. నాలుకలో పుట్టిన నొప్పి చెవికి పాకుతుందని నాకేం తెలుసు. తెలిసేసరికి ఆ మచ్చ పుండై, గట్టిపడి, మెడలో గడ్డ తేలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి నాలుక ఎడమవైపు భాగం, మెడలో గడ్డలు తీసేశారు. ఆ తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నేను ఆ మంచం మీదుండగానే శేషు పక్క వార్డులో చేరాడు. అతనిది దవడ ఎముకలోకి దిగిపోయింది. ఏడాది తిరక్కుండా పోయాడు. నేను కన్నుకొట్టకపోతే అతను వెళ్ళేవాడా? చెప్పలేను. వెళ్ళేవాడు కాదేమో కూడా. కానీ ముందు నా మొహం చూశాడు. అంతవరకు నాకు ఖాయంగా తెలుసు. శేషు భార్య నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

ఇంటికొచ్చాక నా మాట మా ఆవిడకే అర్థమయ్యేది కాదు. షాపు మూసేద్దామనుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి మా ఆవిడే లాక్కెళ్ళింది. నేను చెప్పానుగా అన్న చూపైనా చూస్తారని తల దించుకుని కూర్చున్నాను. ఆవిడ అలా చూడలేదు. చేతికి అద్దమిచ్చి, నోరు తెరిచి నాలుక పైకెత్తమన్నారు. "నాలుకంటే ఒకే కండ అనుకుంటారండి. కాదు. కొన్ని కండలు కింద దవడ ఎముకను పట్టుకుని దీన్ని బయటికి తోస్తాయి. కొన్ని లోపలే నిలువుగా, అడ్డంగా అల్లుకుని దీని ఆకారం మారుస్తాయి. మీకు పోయింది ఒక పక్క. మిగిలినదానికి ఆ పక్క పని కూడా నేర్పాలి" అన్నారు. అప్పటిదాకా నాకు పోయిందే కనపడింది. మిగిలినదాన్ని అద్దంలో సరిగా చూడటం అదే మొదలు.

వారంలో రెండు సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. నీళ్ళు పొలమారకుండా గడ్డం వంచి మింగడం నేర్పారు. నాలుక కొన అంగిలికి ఎక్కడ తగిలితే ఏ అక్షరం పలుకుతుందో వేలితో తాకి చూపించేవారు. అ, ఆలు చెప్పించలేదు. నా షాపులో ఏమేం అమ్ముతానో అవి చెప్పమన్నారు. రేడియేటరు, బేరింగు, క్లచ్ ప్లేటు. ఆవిడ కొనడానికొచ్చిన డ్రైవరులా కూర్చుని బేరమాడేవారు. నాకు 'ర' పలకక ఉమ్మి కారిపోతుంటే గుడ్డ అందించి, "తొందరేం లేదండీ, బండి ఎటూ షెడ్డులోనే ఉంది" అనేవారు. నాకు నవ్వొచ్చేది. ఆపరేషన్ తర్వాత నేను మొదట నవ్వింది ఆ కుర్చీలోనే.

మాట కొంచెం దారికొచ్చాక ఒకరోజు, నేను ఆవిడ గురించి చెప్పిందంతా చెప్పి క్షమించమన్నాను. అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు.

"నాకు చెప్తే ఏం లాభమండీ? నాకు తెలిసిందేగా. ఎక్కడ చెప్పారో అక్కడ చెప్పండి. అక్కణ్ణుంచి ఇప్పటికీ ఎవరూ రావట్లేదు."

సరేనన్నాను. చెప్పలేదు. ఒకప్పుడు అందర్నీ నవ్వించినవాణ్ణి, ఈ ముద్దమాటతో వాళ్ళ ముందు నిలబడలేకపోయాను. ఇంకాస్త బాగుపడ్డాక చెబుదామని జరుపుకుంటూ వచ్చాను. షాపులో బేరాలు చేసుకునేంత మాట వచ్చింది, అయినా వెళ్ళలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఇంతలో పోయారు.

సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడు టీకొట్టు దగ్గరికి వెళ్ళాను. పాతవాళ్ళు కొద్దిమందే ఉన్నారు, మిగతా అంతా కొత్త కుర్రాళ్ళు. డాక్టరమ్మ నా నాలుక మీద మచ్చను ముందే చూశారనీ, ఆవిడ చెప్పింది నిజమనీ, నేను చెప్పింది అబద్ధమనీ చెప్పాను. శేషు సంగతి కూడా చెప్పాను. లేత్‌ల చప్పుడులో నా మాట ఎవరికీ అందలేదు. బండ్ల సొట్టలు తీసే డెంటర్ కుర్రాడొకడు గ్లాసు కింద పెట్టి దగ్గరికొచ్చి, "అర్థం కాలేదు బాబాయ్, మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. సగం అర్థమైందన్నాడు. ఉమ్మి తుడుచుకుని, ఒక్కో మాట విడగొట్టి, మొదట్నుంచీ ఇంకోసారి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నా పాత కథ విన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఆటోనగర్‌లో లేరు. ఏలూరు, గుంటూరు, మచిలీపట్నం షెడ్లకు వెళ్ళిపోయారు. వెళ్ళినచోట అది మళ్ళీ చెప్పే ఉంటారు, బాగా నవ్వొచ్చే కథ కదా. సరుకు కోసం ఆ ఊళ్ళు వెళ్ళినప్పుడు వాళ్ళ షెడ్లు వెతుక్కుని వెళ్ళి చెబుతున్నాను. దొరకనివాళ్ళ కోసం ఇది రాశాను.