మామగారి రంపం చాకు

"అన్నా, అంచంతా గాట్లు పడ్డయి! మస్తు మెహనత్ చేసి సాఫ్ చేసిన," అంటూ సాన పట్టే అతను మా మామగారి మడత చాకును నా చేతిలో పెట్టాడు. అంచు తడిమితే నున్నగా తగిలింది. అవి గాట్లు కావు, రంపం పళ్లు!

డెబ్బైల్లో, నా పెళ్లయిన కొత్తలో, మాదన్నపేటలో జరిగిందిది. రంపం అంచే మేలని మామగారు, నున్నటి అంచే మేలని నేను రోజూ వాదించుకునేవాళ్లం. "వారం వాడి చూడు, నీకే తెలుస్తది," అంటూ ఆయన ప్రాణంలా చూసుకునే చాకును ఇచ్చారు. మొద్దుబారిందని నేనే మార్కెట్లో సానకిచ్చాను.

సాయంత్రం భయపడుతూనే తిరిగిచ్చాను. ఆయన జామకాయ చకచకా కోసి, నాకో ముక్క అందించి, "చూసినవా అల్లుడా, రంపం చాకంటే గిట్ల కొయ్యాలె!" అన్నారు.

వాదన నేనే గెలిచాను, కానీ జామకాయ ముక్క నములుతూ ఆయన మాటకే తలూపాను. ఆయన నిజంగా గమనించలేదో, గమనించి నన్ను వదిలేశారో ఇప్పటికీ తెలియదు.