నీ గ్యాస్‌కు ఎన్నో నెల?

మొన్న జనగామ నుంచి వస్తుంటే బస్సు ఒక స్టేజీ దగ్గర ఆగింది. కిటికీ పక్కనే బజ్జీల బండి ఉంది. కాగిన నూనెలోకి మిరపకాయలు జారిన చప్పుడు ముందు వినిపించింది, దాని వెనకే వాసన వచ్చింది. శనగపిండి, వాము, నూనె అన్నీ కలిసిన ఘాటు. పక్క సీటులో కూర్చున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గట్టిగా ఊపిరి పీల్చుకుని నవ్వాను. ఆమె నన్ను అనుమానంగా చూసి కొంచెం జరిగి కూర్చుంది. మంచిదే, నాకు సీటు విశాలమైంది. అయినా ఆమెకు ఒక మాట చెప్పాలనిపించింది. ఈ వాసన వస్తే గోడ పట్టుకుని పరుగెత్తిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ పరుగుల్లో నీళ్ల చెంబు పట్టుకుని నా వెనకే వచ్చిన మనిషి పేరు సక్కుబాయక్క.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఆమెకు చిన్న టిఫిన్ సెంటర్ ఉండేది. రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక పెద్ద బాణలి. పొద్దున ఇడ్లీ, పూరీ, ఎండ ఎక్కాక బజ్జీలు. నర్సింహులపేట దగ్గరి తండా ఆమెది. ఇంట్లో వాళ్ల భాష, మాతో మా భాష, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేది. ఆ తిట్లలో సగం నాకు అర్థమయ్యేవి కావు కాబట్టి నేను సగమే బాధపడేదాన్ని.

నేను నర్మెట్ట పిల్లను. ఏడో తరగతిలో లెక్కలకూ నాకూ పడలేదు. లెక్కలు బడిలోనే ఉండిపోయాయి, నేను బయటికి వచ్చేశాను. పెళ్లయి ఘన్‌పూర్ వచ్చాక, మా ఆయన ట్రాక్టర్ తోలడానికి పోతే పగలంతా గోడలతో మాట్లాడలేక అక్క దగ్గర పనికి చేరాను. మొదటి రోజే ఆమె నా అరచేతిలో వేడి బజ్జీ పెట్టి, "ఉప్పు చూడు" అంది.

"నువ్వే చూసుకోవచ్చు గదక్కా" అన్నాను.

"పిండి కలిపినోళ్ల నాలుకను నమ్మొద్దే. కలుపుతుంటే ముక్కుకు అలవాటైతది, అన్నీ సరిగనే ఉన్నట్టు అనిపిస్తది. ఇంకోళ్లు చూసి చెప్పాలె."

అదీ ఆమె పద్ధతి. ప్రతి వాయిలో మొదటి బజ్జీ నాదే. తిండికి తిండి, పైగా దాన్ని పని అంటారు. అంత మంచి ఉద్యోగం చదువుకున్న వాళ్లకు కూడా దొరకదని నేను మురిసిపోయేదాన్ని.

అక్కడ చేరిన రెండో ఏడు నాకు కడుపు నిలిచింది. అంతకు ముందు ఏడాది ఒకసారి వచ్చి, రెండు నెలలు దాటగానే పోయింది. అప్పుడు మూడు రోజులు మరకలు కనిపించినా నేను ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు కళ్లు తిరిగి పడితే దవాఖానకు తీసుకుపోయారు. "నువ్వు చేసిన తప్పేం లేదమ్మా, కొన్ని ఇట్లాగే పోతాయి" అంది అక్కడి డాక్టరమ్మ. ఒంట్లోంచి ఇంత రక్తం పోయేదాకా ఎందుకు ఊరుకున్నావని కూడా అడిగింది. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట నేను జోకు వేస్తాను. "పని తొందరల మర్చిపోయిన మేడం" అన్నాను. ఆమె నవ్వలేదు.

అందుకే ఈసారి మా అత్తమ్మ గట్టి కాపలా పెట్టింది. "మూడు నెలలు నిండేదాంక ఎవలకూ చెప్పకు బిడ్డా. పోయినసారి ఊరంత చాటింపు వేసినట్టు చేసినవు, దిష్టి తాకింది" అంది. నిజానికి నేను చెప్పింది ఇద్దరికే, మా ఆయనకూ అత్తమ్మకూ. ఊరికి చెప్పింది అత్తమ్మే. ఆ మాట అంటే ఇంకో మూడు నెలలు నాతో మాట్లాడదని ఊరుకున్నాను. ఆమెకు ఉన్నదీ నాకు ఉన్నదీ ఒకే భయం. నాకు భయమైతే నవ్విస్తాను, ఆమెకు భయమైతే ఆంక్షలు పెడుతుంది.

కడుపును కొంగు కింద దాచవచ్చు. వాంతిని ఎక్కడ దాచాలి? పేస్టు నోట్లో పెడితే వాంతి. మా ఆయన తలనూనె వాసనకు వాంతి. పాపం ఆయన నూనె మానేసి వారం రోజులు గడ్డివాములా తిరిగాడు, ఆ తల చూసినా నాకు వాంతి వచ్చేది. మిట్టమధ్యాహ్నం నిలబడే నిద్ర ముంచుకొచ్చేది, పడుకుంటే మాత్రం రాదు. ఇక బాణలి దగ్గర నా బతుకు చెప్పనక్కరలేదు. ఎవరైనా అడిగితే "గ్యాస్" అనేదాన్ని. మన దగ్గర గ్యాస్ అని నోరు జారితే చాలు, దారిన పోయే ప్రతివాడూ డాక్టరే. ఒకరు జీలకర్ర నీళ్లు తాగమన్నారు, ఒకరు సోడా తెచ్చిచ్చారు, రోజూ పూరీ తినే ఆటో అన్న ఒకాయన పొట్ట మీద చెంబు బోర్లించే వైద్యం తనకు వచ్చన్నాడు. "వద్దన్నా, పొట్ట నాది కాదు, కిరాయిది" అన్నాను.

అప్పటికి నాలుగు రోజులుగా బజ్జీ రుచి చూడటం మానేశాను. అక్క చేతిలో పెట్టగానే నోట్లో వేసుకున్నట్టు చేసి, బెంచీ కింద కుక్కకు వేసేదాన్ని. "సరిపోయిందక్కా" అనేదాన్ని. నాలుగో రోజు అక్క మరిచిపోయి ఉప్పు రెండుసార్లు వేసింది. నేను సరిపోయిందనే అన్నాను. మొదటి ప్లేటు తిన్న పెద్దాయన జగ్గు ఎత్తి నీళ్లన్నీ తాగేసి, "అక్కా, గిది బజ్జీయా, ఉప్పుమూటనా?" అన్నాడు. అక్క నన్ను చూసింది.

సరిగ్గా అప్పుడే ఆటో అన్న నా చేతిలో ఒక గోలీ పెట్టాడు. "మా ఇంట్ల అందరం గిదే మింగుతం. ఒక్కటేస్తే సాఫ్" అన్నాడు. అబద్ధం నిలబెట్టాలి కదా, చెంబు ఎత్తాను. జల్లిగంటెతోనే అక్క వచ్చేసింది. నా గుప్పిట విప్పి గోలీ తీసుకుని దూరం విసిరింది. నన్ను చెయ్యి పట్టి వెనక్కి నడిపించి అడిగింది.

"గిప్పుడు చెప్పు. నీ గ్యాస్‌కు ఎన్నో నెల?"

"రెండు నిండినయక్కా" అన్న మాట నోట్లోంచి దానంతట అదే జారింది. సర్దుకుని, "గ్యాసేనేమో, పుడితే తెలుస్తది" అన్నాను. అక్క గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఎవలు ఏదిచ్చినా నోట్లేసుకుంటవా? పిచ్చిదానివానే?" అని తిట్టింది. మిగతా సగం నాకు అర్థం కాలేదు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి నా పీట బాణలికి దూరంగా, గాలి వచ్చే వైపు మారింది. గంటకోసారి గుప్పెడు మరమరాలు నా ముందుకు వచ్చేవి. మధ్యాహ్నానికి నా చెంబు నిండుగానే ఉండటం కూడా ఆమే కనిపెట్టింది.

"నీళ్లెందుకు తాగుతలేవే?"

"తాగితే పోవాలె గదక్కా. ఎక్కడికి పోను?"

అది జోకు కాదు. మా సెంటరుకు బాత్రూం లేదు. అక్క ఆ సాయంత్రమే వెనకింటి వాళ్లతో మాట్లాడి, వాళ్ల బాత్రూం తాళంచెవి తెచ్చి మేకుకు తగిలించింది. ఇన్నేళ్లు తను ఎట్లా గడిపిందో అప్పుడు గుర్తొచ్చిందేమో, "నాకు గూడ ముందే తోచకపాయె" అని గొణిగింది.

పదో వారంలో, ఎండ ఎక్కిన వేళ, ఆ వెనకింటికి వెళ్లినప్పుడే మరక కనిపించింది. చిన్నదే, రూపాయి బిళ్లంత. తిరిగి వచ్చేసరికి అక్క, "ఇంతసేపా?" అంది. "ఇల్లు నచ్చిందక్కా, కిరాయికి దిగుదామని చూస్తున్న" అన్నాను. అక్క నవ్వింది. నేను కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాను. గంప ఖాళీ అయినా నాకు తెలియలేదు.

"ఏందే, ఇయ్యాల పెండ్లి ఉన్నదా? గిన్ని కోసినవు" అని దగ్గరికి వచ్చింది.

"కండ్లకు మంచిదక్కా, లోపలికెల్లి కడిగినట్టైతది."

ఈసారి ఆమె నవ్వలేదు. నా ముందు కూలబడి నా చేయి పట్టుకుంది. "నవ్వించుడు బందు వెట్టు. అసలు సంగతి ముందు చెప్పు. నవ్వు ఎటూ పోదు, తర్వాత నవ్వుకుందాం."

"ఏం లేదక్కా, నీ ఉల్లిగడ్డలు..."

"చెప్పు."

"మరక కనవడ్డది" అన్నాను. జోకు లేని ఒక మాట అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. "పోయినసారి గూడ గిట్లనే మొదలైంది."

అక్క లేచి పొయ్యి ఆర్పేసింది. బెంచీల నిండా జనం. బజ్జీలు ఇంకా తెల్లగానే నూనెలో తేలుతున్నాయి. "అక్కా, మా బజ్జీలు?" అన్నారు ఎవరో. "గయి పచ్చిగున్నయి, నేను గూడ పరేషాన్‌ల ఉన్న. రేపు రండ్రి" అని తాళం వేసింది. సొంత తమ్ముడు వచ్చినా ఆ వేళప్పుడు పొయ్యి ఆర్పని మనిషి.

జనగామ బస్సులో నా నడుము కింద తన శాలువా మడిచి పెట్టింది. ప్రతి గుంతకూ రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. "ఇది గూడ పోతదా అక్కా?" అని అడిగాను. ఇంకెవరైనా ఏం కాదని అనేవారు. అక్క మాత్రం, "నాకు తెల్వది. తెలిసినోళ్ల దగ్గరికే పోతున్నం" అంది. ఆ మాట పట్టుకునే జనగామ చేరాను.

దవాఖానలో డాక్టరమ్మ తలెత్తి, "ఏంటమ్మా?" అంది. "ఏం లేదు మేడం, ఊకె..." అని నేను మొదలుపెట్టగానే నడుములో వేలితో పొడుపు పడింది. ఇక ఆగకుండా చెప్పాను. ఎన్ని వారాలు, ఎప్పుడు కనిపించింది, ఎంత, ఏ రంగు, పోయినసారి ఏమైంది, అన్నీ. ఆమె రాసుకుంటూ, "ఇట్లా చెబితే నా పని సులువవుతుంది" అంది. స్కానింగ్ గదిలో పడుకుని అక్క కొంగు గట్టిగా పట్టుకున్నాను. తర్వాత తెర మీద ఒక చుక్క మినుకుమినుకుమంటూ కనిపించింది.

"గుండె కొట్టుకుంటోంది. పక్కన కొంచెం రక్తం చేరింది, చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. మాటైతే ఇవ్వలేను. రెండు వారాలు బరువులు ఎత్తకు. మరక పెరిగితే వెంటనే రా."

అక్క నా చెవిలో, "ఇగ ఇప్పుడు నవ్వించు" అంది. వెతికాను. ఒక్క జోకూ దొరకలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పుడు అక్కే తెర వైపు చూసి, "బజ్జీ లెక్కున్నది గదనే. ఉప్పు సంగతి పుట్టినంక చూద్దాం" అంది. డాక్టరమ్మ కూడా నవ్వింది.

సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చి అత్తమ్మకు ఎదురుగా కూర్చుంది. "దిష్టంటే నాకు గూడ భయమే అవ్వా. ఊరికి చెప్పకుండ్రి. గని మరక కనవడితే ఇంట్ల దాచొద్దు, దవాఖానకు పోవాలె" అంది. అత్తమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు చాప అంచు సరిచేసింది. "నాది గూడ ఒకటి పోయింది బిడ్డా. మీ మామకు గూడ చెప్పలే" అంది. అప్పటికి ఏళ్లు ఎన్ని గడిచాయో. ఆ తర్వాత లేచి నాకు దిష్టి తీసింది, అక్కకూ తీసింది, చివరికి తల నూనె లేని మా ఆయనకూ తీసింది.

మరకలు వారంలో ఆగిపోయాయి. నెలలు నిండి కూతురు పుట్టింది. ఉప్పు కొంచెం ఎక్కువే, నా నోరే వచ్చింది. పాప నడక నేర్చేలోగా అక్క కొడుక్కు భూపాలపల్లి గనుల్లో పని దొరికింది. బాణలి నాకు అప్పగించి అక్క అక్కడికి వెళ్లిపోయింది. ఫోను చేస్తే ఇప్పటికీ ముందు ఒంట్లో ఎట్లుందని అడుగుతుంది, నేను వరుసగా చెబుతాను. తర్వాత ఇద్దరం అరగంట నవ్వుకుంటాం.

నేను మారిపోయానని కాదు. ఇప్పటికీ ఊరంతా నవ్వడానికి నా బెంచీల మీదికే వస్తుంది. కాకపోతే నవ్వించేవాళ్లను నమ్మడం తగ్గించాను. మొన్నటి వారం నా దగ్గర గిన్నెలు కడిగే కవిత, "నడుము రెండు ముక్కలైందక్కా, ఒకటి ఇంట్ల వెట్టి వచ్చిన" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, బాగుంది మరి. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, పొయ్యి తగ్గించి, దగ్గరికి వెళ్లి, "ఎన్ని రోజులాయె?" అని అడిగాను. కవిత నా మొహంలోకి చూసింది. చేతిలోని గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.